ఎర్రదానిలో సగం

అన్నగారు మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. సబ్బు పెట్టలేదు. సబ్బయినా, సెలూన్ లోషనయినా తగిలితే తొట్టిలోని పుట్టగొడుగు పగడాలు అత్తిపత్తి ఆకుల్లా ముడుచుకుపోతాయి.

హాల్లో గోడవారనున్న ఆ గాజుతొట్టి చెల్లెలిది. ఉప్పునీళ్ళు, నీలం దీపం, నాలుగు రాళ్ళు. రాళ్ళనిండా పచ్చ పగడాలు పిల్లల్ని పెట్టి కాపురం పెంచేశాయి. మధ్యలో ఒక్క ఎర్రది మాత్రం, ఇంట్లో మనుషుల్లాగే, ఏళ్ళు గడిచినా ఒంటిగానే ఉండిపోయింది. గాజు మీద చెల్లెలు గోళ్ళరంగుతో ఒక గీత గీసింది. నీళ్ళు తగ్గితే ఆ గీత దాకా పోయాలి. అది వెలిసినప్పుడల్లా తనే దిద్దుతుంది. ఆ రంగు సీసా మూత బిగించడం మాత్రం ఏనాడూ గుర్తుండదు.

పోయవలసింది మంచినీళ్ళే. ఒకసారి ఆమె జ్వరంతో పడుకుంటే, సముద్రపు ప్రాణులు కదా పాపమని ఈయన వారం పాటు ఉప్పునీళ్ళు పోశాడు. అన్నీ చొక్కా గుండీలంత అయిపోయాయి.

"ఆవిరయ్యేది నీళ్ళేనయ్యా మహానుభావా! ఉప్పు ఎక్కడికీ పోదు!" అని నవ్వలేక ఏడవలేక తిట్టింది.

ఈవేళ సాయంత్రం ఆమె వెళ్ళిపోతోంది. తొట్టికి ఉప్పు తెచ్చే అక్వేరియం కొట్టాయన, వీళ్ళ భాషలో 'ఉప్పాయన', మొదట్లో బస్తా దింపి వెళ్ళేవాడు. తరువాత కాఫీ తాగి వెళ్ళేవాడు. కాఫీ రెండు కాఫీలైంది. ఇప్పుడు కొట్టు రేవు పట్టణానికి మారుస్తూ, యాభై దాటిన చెల్లెల్ని పెళ్ళాడి తీసుకుపోతున్నాడు. ఆ సంగతి చెప్పిననాడు అన్నగారు "ఊఁ" అన్నాడు. ఆ తరువాత అదీ అనలేదు.

బార్బరై ఉండి మాట్లాడడు గనక వీధంతా ఆయన్ని 'మౌనస్వామి' అంటుంది. పొద్దున సెలూన్ కుర్చీలో కూర్చున్న రిటైరైన పోస్టుమాన్ నురగ మధ్యనుంచి అడిగాడు.

"చెల్లెమ్మ వెళ్తోందటగా. ఇక వంటెవరు చేస్తారయ్యా?"

"ఇన్నాళ్ళూ చేసింది నేనే."

పోస్టుమాన్ మాట మార్చాడు. "మొన్న కనపడింది. అన్నయ్య ఇంకా వెళ్ళిరమ్మనలేదండీ, కాళ్ళు కదలడం లేదు అంది. ఒక్క మాటకి నీ సొమ్మేం పోయిందయ్యా?"

కత్తి గడ్డం కిందికి దిగింది. ఆయన కోపం చెల్లెలి మీద కాదు. ఖాళీ కాబోయే ఇంటి మీద. మాట్లాడకుండా ఉండటానికైనా ఎదురుగా ఓ మనిషుండాలి కదా! నురగ తుడిచి, తలుపులు వేసి, కొత్త బ్లేడొకటి జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు.

చెల్లెలు పెట్టె సర్దుతోంది. నిన్నటినుంచీ అడుగుతోంది, ఎర్రదాన్ని కోసి సగమివ్వమని.

"ఉప్పాయన కొట్టునిండా ఇవేగా?" అన్నాడు.

"అవి అమ్మకానికి. ఇది మనింటిది."

నీళ్ళు తిప్పే మోటారు ఆపి, తొట్టిలో నీళ్ళే పట్టిన పళ్ళెంలోకి రాతితో సహా ఎర్రదాన్ని తీశాడు.

"గాటు నడుమనున్న నోటి మీదుగా పోవాలన్నయ్యా. చెరిసగం నోరు దక్కితే రెండూ బతుకుతాయి."

జేబులోని కొత్త బ్లేడు తీశాడు. ఊపిరి బిగబట్టి ఒక్క గీత గీశాడు. జిగురు సాగింది. రాతి మీది సగం రాతితోనే తొట్టిలోకి వెళ్ళింది. ఊడివచ్చిన సగాన్ని గులకరాళ్ళున్న చిన్న గిన్నెలో పెట్టి, కొట్టుకుపోకుండా పైన వల కట్టి, పెద్ద సీసాలో దించి నిండా తొట్టినీళ్ళే పోశాడు.

"సగం నోటితో ఎలా బతుకుతుందో పాపం."

"నువ్వంతకన్నా తక్కువతో బతకలేదూ?"

అన్నగారికి నవ్వొచ్చింది. చెల్లెలు నవ్వుతూనే ఏడ్చేసింది.

వీధిలో కారు ఆగింది. ఉప్పాయన దిగి పెట్టె కార్లో పెట్టాడు. ఆమె సీసాకి తువ్వాలు చుట్టి చంటిబిడ్డలా పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"వెళ్ళొస్తానన్నయ్యా."

"ఊఁ" అన్నాడు, అలవాటు చొప్పున. ఆమె కదల్లేదు.

"వెళ్ళిరా అమ్మా," అన్నాడు. "అది గులకరాయిని పట్టుకునేదాకా వల తియ్యకు. వెళ్ళిరా."

కారు మలుపు తిరిగేదాకా నిలబడి లోపలికి వచ్చాడు. తొట్టిలో నీళ్ళు గీతకు రెండు వేళ్ళు కిందున్నాయి. మంచినీళ్ళ చెంబు ఎత్తాడు. ఎత్తి, ఆగిపోయాడు. ఈ నీళ్ళు ఆవిరైనవి కావు. ఉప్పుతో సహా సీసాలో వెళ్ళిపోయినవి.

చెంబు దించి, మూల బకెట్లో కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు తెచ్చి, గీత దాకా మెల్లగా పోశాడు. రాతి మీది సగం ఇంకా ముడుచుకునే ఉంది. ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

తొట్టి పక్కన బల్లమీద గోళ్ళరంగు సీసా ఉంది, మూత బిగించకుండానే.