అమావాస్య లేని దేశం

గోడకు చెవి ఆనిస్తే మగ్గం చప్పుడు.

టక్... టక్... టక్...

గోడ చల్లగా ఉంటుంది. చప్పుడు వెచ్చగా ఉంటుంది.

నగరిలో రెక్కల పామును చంపిన మొదటి మగాణ్ణి నేనే. మా ఊరి ముక్కుకొండంత పాము. దాని నోట్లో నిప్పు. నా చేతిలో కత్తి. వెనక నా తమ్ముడు ఎల్లప్ప.

నమ్మకపోతే మీ ఖర్మ.

ఆ పాము ఉండేది మునీంద్ర ఇంటర్నెట్ సెంటర్లో, కిటికీ పక్క కంప్యూటర్లో. రెండువేల మూడు, ఎండాకాలం. కరెంటు పోతే మా పవర్‌లూమ్ మగ్గాలు ఆగిపోయేవి. ఆగిన మగ్గం దగ్గర కూర్చోలేం — చెవుల్లో ఉత్త గాలి తిరుగుతుంది. మునీంద్ర దగ్గర ఇన్వర్టర్ ఉంది, ఫ్యాను ఉంది. ఫ్యాను కోసమే పోయాను. ఊరికే కూర్చుంటే బాగుండదని ఆట పెట్టించుకున్నాను. కోటలు, మంత్రాలు, కత్తులు. మూడు భాగాల ఆట.

"ఆటలో నీకు తోడొచ్చేవానికి ఏం పేరు పెట్టేది మామా?"

"ఎల్లప్ప."

మునీంద్ర వేళ్ళు ఆగాయి. "ఏ ఎల్లప్ప? గోడవతల ఎల్లప్పా?"

"పేరు అడిగితివి, చెప్తిని. ఇంటిపేరు గూడా కావాల్నా నీకు?"

ఊరందరికీ తెలిసిన గోడే అది. నాయన పోయాక షెడ్డు నడుమ లేచింది. ఇటు నా మగ్గాలు. అటు తమ్ముడివి. మధ్యలో ఇటుకలు. ఇటుకల మధ్య మాటలు — నావీ, వాడివీ — సిమెంటుతో పాటు గట్టిపడిపోయాయి.

తెర మీది ఎల్లప్ప వేరు. నేను నడిస్తే నడిచాడు. నేను పడితే మందు పోశాడు. ఇది ఎవరి వాటా అని అడగలేదు.

పైన నిండు చంద్రుడు. ఎప్పుడు పోయినా నిండు చంద్రుడే.

ఆ దేశంలో అమావాస్య లేదు.

అయినా అప్పటికింకా ప్రేమ లేదు, కాలక్షేపమే. రెండో భాగం వచ్చింది. కొత్త రాజు, కొత్త అడవి. తోడు కూడా కొత్తవాడే అనుకున్నాను. మునీంద్ర ఏం చేశాడో... చెట్ల మధ్యనుంచి నడిచి వచ్చాడు — ఎల్లప్ప. అదే చొక్కా. చెంప మీద అదే మచ్చ.

కథ మారింది. మనిషి మారలేదు.

ప్రేమ పుట్టింది ఆ పూటే.

"కండ్లెందుకు అట్ల ఎర్రగుండాయి?" అంది ఇంట్లో నా భార్య లీలావతి.

"పాము నిప్పు ఊదింది," అన్నాను.

మూడో భాగం సగంలో ఉంది.

"మిషన్‌కు వైరస్ పట్టినాది మామా. రేపు అంతా తుడిచేస్తా. ఎవురి ఆట ఏదో నాకు తెలీదు. పొద్దున్నే వచ్చి చూపిస్తే నీ ఎల్లప్పను సీడీలో ఎక్కిస్తా." మునీంద్ర గొంతు తగ్గించాడు. "గోడవతల ఎల్లప్ప మగ్గాలు అమ్మేసినాడంట. ఎల్లుండి రేణిగుంటకు పోతాడంట, గోడౌన్లో వాచ్‌మన్ పనికి."

"రేపు అమావాస్యరా. చెయ్యి పెట్టగూడదు."

అమావాస్య నాడు నేతగాడు మగ్గం ముట్టడు. తుడిచి, బొట్టు పెట్టి, టెంకాయ కొడతాడు. మౌసు మాత్రం చేతిపని కాదా అనుకున్నాను.

ఆ పొద్దు గోడవతల టెంకాయ పగిలింది. ఒంటి చప్పుడు. నాయన ఉండగా ఇద్దరం కలిసి కొట్టేవాళ్ళం. నేను గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. చాలాసేపు.

అమావాస్య నాడు మగ్గం ముట్టకూడదన్నారు పెద్దలు. తమ్ముణ్ణి పలకరించకూడదని ఎవరూ అనలేదు.

మర్నాడు తెర ఖాళీ. షెడ్డు ఖాళీ. లారీ నిండా మగ్గాల ఇనుము.

లారీ ఎక్కబోతూ ఎల్లప్ప సెంటర్లోకి వచ్చాడు. నా పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"మళ్లీ మొదట్నించి ఆడన్నా. నేనుండా కదా," అన్నాడు.

సరే సరే, పాము సంగతి ఒప్పుకుంటాను. నేను చంపలేదు. ఇంట్లో బల్లి కనబడితే లీలావతిని కేకేసేవాణ్ణి, నేనా పామును చంపేది! అదే ప్రతిసారీ నన్ను చంపింది. నేను చచ్చి పడి ఉంటే ఎల్లప్ప చంపాడు — తెర మీది ఎల్లప్ప. నేను చంపానన్నది ఉత్త కోత. ఆ కోతతో ఎవరికీ నొప్పి ఉండదు.

కల్పించింది ఇంకొకటి ఉంది. తమ్ముడు సెంటర్లోకి రావడం.

రాలేదు. లారీ సెంటర్ ముందునుంచే పోయింది. నేను తెర వైపే చూస్తున్నాను.

ఈరోజు అమావాస్య. నా మగ్గాలు ఆగి ఉన్నాయి. అవతల షెడ్డుకు ఏనాడో తాళం.

గోడ చల్లగా ఉంది. చెవి ఆనించాను.

టక్... టక్...