ఫారంలో లేని కూతురు

మా ధర్మారావు పెదనాన్న హరారేలో ఇరవై ఏడేళ్లు లెక్కలు చెప్పిన మాస్టారు. తాను తప్పనుకున్న మాట ఆయన నోట పలికించడం ఎవరి తరమూ కాదు. 2008లో ఆ మొండితనమే మా కొంప ముంచింది.

ఆ ఏడు జింబాబ్వేలో ఎన్నికల గొడవలు. బేకరీల్లో రొట్టె లేదు, కుళాయిల్లో నీళ్లు లేవు. అవన్నీ ఎలాగో ఓర్చుకున్నారు. లీలావతి పెద్దమ్మకు ఇన్సులిన్ దొరకడం మానేశాక మాత్రం అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉన్న నాకు అన్నం సహించలేదు. కాకినాడలో వాళ్లు కొనుక్కున్న ఫ్లాట్ చేతికి రావడానికి ఇంకో ఐదు నెలలు. అంతవరకు మా ఇంట్లో ఉంటారని విజిటర్ వీసాలకు నేనే అప్లై చేశాను. పిల్లలు: లేరు. వెళ్లేది ఎవరి దగ్గరికి: తమ్ముడి కూతురు. శుభ్రంగా నింపాను.

ఇంటర్వ్యూలో ఆఫీసరమ్మ "అమెరికాలో ఎవరున్నారు?" అని అడిగితే ఈయన "మా అమ్మాయి" అన్నారు. ఫారంలో పిల్లల్లేరు, నోట్లో కూతురుంది. వీసా ఇవ్వలేదు. అప్పటికి పెద్దమ్మ దగ్గర ఇరవై ఆరు రోజుల మందు ఉంది.

ఫోన్లో నాకు ఒళ్లు మండిపోయింది.

"తమ్ముడి కూతురంటే ఇంగ్లీషులో నీస్ అని చెప్పమన్నాను కదా పెదనాన్నా! నాలుగుసార్లు ప్రాక్టీస్ కూడా చేయించాను!"

"చెబుదామనే వెళ్లానే శ్రీవిద్యా. నోరు రాలేదు. నా కూతుర్ని పట్టుకుని ఇంకేదో అని ఎలా చెప్పనే?"

విసురుగా ఫోన్ పెట్టేశాను. తర్వాత బాగా ఏడ్చాను. నా ఎనిమిదో ఏట నాన్న పోయారు. అప్పట్నుంచి నేను ఇంజనీరింగ్‌లో చేరేదాకా నెలనెలా హరారే నుంచి పది లెక్కలతో ఉత్తరం వచ్చేది. నేను చేసి పంపితే, తప్పుల చుట్టూ ఎర్రసిరా సున్నాలు చుట్టి తిప్పి పంపేవారు. తోటి పిల్లల నాన్నలు ఆఫీసు నుంచి ఇంటికొచ్చేవారు, మా నాన్న పోస్టులో వచ్చేవారు. ఆయన అన్నదాంట్లో అబద్ధమెక్కడుంది?

మా ఆయన లోకేష్ "లాయర్‌తో మాట్లాడదామా?" అన్నాడు.

"లాయర్‌కి మన వరసలేం తెలుసు? నేనే రాస్తా" అన్నాను.

ఒక్క పేజీ రాశాను. తెలుగులో నాన్నకు అన్న అంటే పెద్ద నాన్న. చెల్లెలి కూతురైతే మేనకోడలు, తమ్ముడి కూతురైతే కూతురే, వేరే మాట లేదు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఫారంలో ఆ వరసకు గడి లేదు. దానికి వంశవృక్షం, కాకినాడ ఫ్లాట్ కాగితాలు, ఎర్ర సున్నాలున్న ఆరు పాత ఉత్తరాల కాపీలు జతచేసి మళ్లీ అప్లై చేశాను.

రెండో ఇంటర్వ్యూ నాటికి పదకొండు రోజుల మందు మిగిలింది. ఆఫీస్‌లో కీబోర్డు పక్కన ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదింటికి మోగింది.

"అదే ఆవిడే. మీకు పిల్లలున్నారా అని మళ్లీ అడిగింది" అన్నారు పెదనాన్న.

"మీరేమన్నారు?"

"ఇంగ్లీషులో లేరండీ, తెలుగులో ఒక కూతురుంది అన్నాను."

"అయ్యో పెదనాన్నా!"

"ముందు వినవే. ఆవిడ నవ్వింది. నీ ఉత్తరాలు తిరగేసి, ఈ అమ్మాయికి భిన్నాలు ఎప్పుడొచ్చాయి అని అడిగింది. ఇంకా రాలేదన్నాను. పాస్‌పోర్టులు అక్కడే ఉంచుకుని, వీసాలు వేసి ఇస్తామంది."

నేను వేసిన కేకకు పక్క సీట్లలో వాళ్లంతా లేచి చూశారు. చూడనీ!

ఎనిమిదో రోజున మా ఊరి పక్కనున్న రాలీ ఎయిర్‌పోర్టులో దిగారు. పెద్దమ్మ సగానికి సగమైపోయింది, నవ్వు మాత్రం అలాగే ఉంది. పెదనాన్న మెడ పట్టుకుని వదల్లేదు నేను. పెద్దమ్మ వీల్‌చెయిర్ తోసుకొచ్చినావిడ మా ముగ్గుర్నీ చూసి, మీ అమ్మానాన్నలా అని అడిగింది.

"యెస్" అన్నాను. ఇంగ్లీషులోనే.