రెండో మైకు

మైకు ఒక్కటే ఉంటే ఎవరో ఒకరు వెనక్కి జరగాలి. ఆ జరగాల్సింది నేనేనని మా రిచర్డ్ మొదటి రోజే తేల్చేశాడు.

రిచర్డ్ నా భార్య ఆలిస్‌కు మేనల్లుడు. బేగంపేటలో ఏదో కంప్యూటర్ ఆఫీసులో పని. నేను బాణీలు కట్టిన పాటలు ఆలిస్ చేత పాడించి, మా చర్చి వార్షికోత్సవానికి సీడీ చేద్దామన్నది వాడే. బయటి స్టూడియోకు అద్దె పోసే బదులు ఆ డబ్బుతో సామాను కొనుక్కుంటే ఇంట్లోనే ఎప్పటికీ రికార్డు చేసుకోవచ్చన్నాడు. బోయిగూడలో మా వెనక గది కిటికీలకు బొంతలు కట్టాం. రైళ్ల చప్పుడు కొంత తగ్గింది. ఏది కొనాలో తెలియడానికి వాడు స్నేహితుడి స్టూడియో మైకు ఒకటి అడిగి తెచ్చాడు.

ఆలిస్ దాని ముందు కూర్చుంది. పెళ్లయినప్పటి నుంచి కూర్చుంటున్నట్టే నేను హార్మోనియంతో ఆమె పక్కన కూర్చున్నాను.

"మామా, జెర వెనక్కి జరుగు. నీ పెట్టె అత్త గొంతును మింగుతున్నది" అన్నాడు రిచర్డ్.

జరిగాను.

"ఇంకా జెర."

గోడకు ఆనుకున్నాను.

"గోడకాడ ఇంకా మోగుతున్నది మామా. గట్ల తలుపు అవతల కూసో."

చివరికి వంటగది గడప దగ్గర, గ్యాస్ సిలిండర్ పక్కన తేలాను. అక్కడి నుంచి ఆలిస్ వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆమె ఆ మైకు వైపు ముఖం వంచి, ఎవరికో రహస్యం చెబుతున్నట్టు పాడుతోంది. కొత్త పాట నేర్చుకునేటప్పుడు నా వైపు అలాగే వంగేది.

పాట అయ్యాక వినిపించాడు.

"అత్తా, కసం! రోమాలు నిక్కినయ్."

"పోరా, ఊరికే ఎక్కిస్తావు" అంది ఆలిస్. ముఖమంతా వెలిగిపోతోంది.

"హార్మోనియం వచ్చిందా?" అని నేనే అడగాల్సి వచ్చింది.

"వచ్చింది మామా. దూరంగా, మంచిగుంది."

దూరంగా ఉంటే మంచిగుందట!

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో, గొంతు ఇచ్చినందుకు ఆలిస్ ప్రభువుకు స్తోత్రం చెప్పింది. బాణీ సంగతి ఎత్తలేదు. నేను కళ్లు మూసుకునే లెక్కపెట్టుకున్నాను, గొంతు మాట ఎన్నిసార్లు వచ్చిందో. దేవునికీ రోషముంటుందని, తనవాళ్లు ఇంకొకరి వైపు తిరిగితే ఓర్చుకోడని సండే స్కూల్లో నేర్చుకున్నాం. ఆయన రోషం పరిశుద్ధమైనది. మరి మనిషిది ఎంతవరకు పరిశుద్ధం? పాస్టరుగారిని అడుగుదామనుకున్నాను. ఎందుకడుగుతున్నావయ్యా అంటే ఏం చెప్పను? ఊరుకున్నాను.

శనివారం రాంగోపాల్‌పేటలో ఇస్మాయిల్ అనే ఆయన దుకాణానికి వెళ్లాం. ఆయన గాజుబల్ల మీద రెండు రకాల సామాను పెట్టాడు. మా దగ్గరున్న డబ్బుకు రెండింటిలో ఏదో ఒకటే వస్తుంది. ఒకటేమో మంచి స్టూడియో మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే చిన్న పెట్టె. ఆ పెట్టెకు ఒక్క మైకే పడుతుంది. రెండోది రెండు మైకులు పట్టే పెట్టె, దాంతో పాటు రెండు మామూలు స్టేజీ మైకులు.

"ఒక్కటే మంచిది తీస్కుందాం మామా. అత్త గొంతుకు అదే కరెక్ట్" అన్నాడు రిచర్డ్.

"హార్మోనియం సంగతి?"

"మొన్న వచ్చింది గదా."

"వంటింట్లోంచా? కీర్తన అంటే గొంతొక్కటే కాదురా. రెండు మైకులుంటే దేనికది శుభ్రంగా వస్తుంది. నువ్వే కదా అన్నావు, ఒకదాన్నొకటి మింగుతున్నాయని."

ఇస్మాయిల్ రెండు పెట్టెల మీదా చేతులు పెట్టి నవ్వాడు. "ఇంట్ల ఝగ్డా పెట్టుకోకుండ్రి సాబ్. ఏది తీస్కున్నా బిల్లు గంతే."

"మామా, ఆ స్టేజీ మైకుల్ల అత్త గొంతు అంత సాఫ్ రాదు, చెప్తున్న" అన్నాడు రిచర్డ్.

"ఫర్వాలేదు. నా చెవికి తేడా ఏమీ తెలియడం లేదు" అన్నాను. తెలిసింది. దుకాణంలో రెండింటిలోనూ మాట్లాడి చూసినప్పుడే తెలిసింది.

మరుసటి వారం ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం, ఎవరి మైకు వాళ్లకు. నా మైకు హార్మోనియం రీడ్ల మీదికి వంగి ఉంది. ఎంత హాయిగా వాయించానో! ఆమె గొంతు పైకి వెళ్లిన చోటల్లా నేనూ వెళ్లాను. ఆమె ఆగిన చోట ఇంకో రెండు మెట్లు ఎక్కువే ఎక్కాను.

రిచర్డ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మమ్మల్ని పిలిచాడు. తెర మీద రెండు గీతలు. పైది ఆలిస్, కిందిది నేను.

"అత్తా, ఇట్లా ఒకసారి విను" అని కింది గీత పక్కన ఏదో నొక్కాడు. పాటలో నేను లేను. ఆ ఖాళీలో, వాడు కంప్యూటర్‌లోనే వాయించి కలిపిన కీబోర్డు సంగీతం సన్నగా మోగుతోంది.

"అరె, ఎంత తేలిగ్గా ఉందిరా!" అనేసింది ఆలిస్. వెంటనే నా వైపు చూసింది.

"రెండు మైకులు తీస్కునుడు మంచిదైంది మామా. ఒక్కటే ఉంటే నిన్ను తీసుడు కాకపోతుండె" అన్నాడు వాడు, నన్ను మెచ్చుకుంటున్నట్టు.

వంటగది గడపలో కూర్చున్నప్పుడు పాటలో ఉన్నాను. ముందుకొచ్చి, నా మైకు నేను సంపాదించుకుని, ఒక్క వేలి నొక్కుకు పోయాను.

అంతలో వాడే తల గీరుకున్నాడు. "కానీ ఇంకా వినవడుతున్నవ్ మామా. పక్కనే కూసున్నవ్ గదా, అత్త మైకులకు సుత దూరినవ్. దాన్ని తీస్తే అత్త గొంతు పోతది."

నిజమే. చెవి ఒగ్గితే పక్కింట్లోంచి వస్తున్నట్టు నా హార్మోనియం ఉంది. లోపల్లోపల ఎంత సంతోషించానో ప్రభువుకే తెలుసు.

"అత్త ఒక్కతే మళ్ల పాడాలె. కీబోర్డు హెడ్‌ఫోన్ల ఇస్త. మామ గదిల ఉన్నా పర్వాలేదు, వాయించొద్దు అంతే."

ఆలిస్ నా వైపు తిరిగింది. "మీరేమంటారండీ?"

వద్దంటే పాడదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇంకోసారి వేయరా అన్నాను. దూరంగా మోగుతున్న నన్ను నేను వెతుక్కుంటూ విన్నాను. పల్లవి చివర ఆలిస్ ఊపిరి బిగబట్టి ఆగుతోంది. ఎందుకో మొదట అర్థం కాలేదు. అక్కడే నేను ఆ రెండు మెట్లు ఎక్కువ వాయించింది. చరణం చివరా అంతే. నేను ముగించేదాకా ఆమె కాచుకుని ఉంది. వంటగది గడపలో ఉన్న రోజు అలా ఎక్కడా ఆగలేదు.

"నువ్వొక్కదానివే పాడు" అన్నాను.

"కోపంగా అంటున్నారా?"

"కోపంగానే అంటున్నాను. పాడు."

రిచర్డ్ నా మైకు విప్పి, వైరు చుట్టి, అలమారలో పెట్టాడు. నేను హార్మోనియం ముందే కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఫ్యాను ఆపారు. చెమట కారుతోంది. వాడు మొదలుపెట్టమని సైగ చేసేలోగా ఆలిస్ హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తొలగించింది.

"ఏమండీ, ఒకసారి శ్రుతి ఇవ్వండి."

"హెడ్‌ఫోన్ల వస్తున్నది గదా అత్తా!"

"వస్తోందిలేరా. ఆయన్ని ఇవ్వనీ."

ఇచ్చాను. ఆమె కళ్లు మూసుకుని దానిలో గొంతు కలిపింది. రిచర్డ్ చెయ్యెత్తాడు. రీడ్ మీంచి వేలు తీసి, గాలితిత్తి కదలకుండా అరచేత్తో పట్టుకున్నాను. ఆలిస్ మైకు వైపు ముఖం వంచింది. దాని మీద నా కడుపుమంట ఏమీ తగ్గలేదు.

నా మీద జాలిపడి అడిగిందా, నిజంగా కావాలనే అడిగిందా? పాట మొదలైపోయింది. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ మాట కూడా రికార్డవుతుంది.