ఏడోసారి కడిగిన సీసా

మెడికల్ యూనివర్సిటీ ఫిజియాలజీ విభాగంలో ఆవిడను అందరూ గుండె అక్క అంటారు. దయాగుణం చూసి పెట్టిన పేరు కాదది. ఎలుక గుండెను బయటికి తీసి, నిమిషం తిరక్కుండా గాజు గొట్టానికి దారంతో కట్టి, గోరువెచ్చని ఉప్పుద్రావణం ఎక్కిస్తూ మూడు నాలుగు గంటలపాటు దాన్ని కొట్టుకునేలా చేయడం ఆవిడ ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా ఆ పని ఆవిడకు కొట్టిన పిండి. ఆ సంగతి ఆవిడకూ బాగా తెలుసు. లేని వినయం నటించే అలవాటు ఆవిడకు లేదు.

అలాంటి చేతుల్లో మూడు వారాల్లో పదకొండు గుండెలు ఆగిపోయాయి. ఒక్కటీ అరగంట దాటలేదు.

దెబ్బ తగిలింది పరిశోధక విద్యార్థినికి. కాసేపు రక్తం అందని గుండె మళ్ళీ ఎంతవరకు కోలుకుంటుందో కొలవడం ఆ అమ్మాయి పని. కోలుకోవడం దేవుడెరుగు, కొలత మొదలుపెట్టేలోపే గుండె చల్లబడిపోతోంది. నెలాఖరుకు కమిటీ ముందు ఫలితాలు పెట్టకపోతే రెండేళ్ళ చాకిరీ గంగలో కలిసినట్టే.

గురువారం పొద్దున విభాగాధిపతి గుండె అక్కను పిలిపించారు. కుర్చీని రెండుసార్లు తుడిస్తే గానీ కూర్చోరు కాబట్టి ఆయన పేరు శుభ్రం సారు. మంచివారు. మంచివాళ్ళతో చిక్కేమిటంటే, మనసారా తిట్టుకోవడానికి కూడా వీలుండదు.

"కొత్త కళ్ళద్దాలు ఎప్పుడొచ్చాయమ్మా మీకు?"

"నెలైంది సార్."

ఆయన నీళ్ళు నమిలి, ఒక కాగితం ముందుకు జరిపారు. సోమవారం నుంచి ఆవిడను కెమికల్ స్టోరుకు మారుస్తున్నట్టు ఉత్తర్వు. కింద గుండ్రటి సంతకం.

"అక్కడైతే కళ్ళకి శ్రమ ఉండదు. కూర్చుని చేసుకునే పని."

గుండె అక్కకు ఒళ్ళు మండిపోయింది. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

"రేపటి దాకా ల్యాబ్ నాదే కదా సార్?"

"మీదేనమ్మా."

ల్యాబ్‌లో ఆ అమ్మాయి ముక్కు చీదుతూ కూర్చుంది. "అక్కా, నేనింక టాపిక్ మార్చేసుకుంటాను."

"నోర్ముయ్. ముందా ముక్కు తుడుచుకో. ఈ మూడు వారాల్లో ఈ గదిలో ఏం మారిందో చెప్పు. నా అద్దాలు కాకుండా."

ఇద్దరూ గదినంతా జల్లెడ పట్టారు. ద్రావణంలోకి ఆక్సిజన్ వదిలే గ్యాస్ సిలిండర్ పాతదే. ద్రావణం వెచ్చదనం ముప్పై ఏడు డిగ్రీలు, రెండు థర్మామీటర్లూ ఒకటే మాట. ఉప్పులన్నీ పాత డబ్బాల్లోవే. చివరికి గుండె అక్క సింకు దగ్గర ఆగింది. సింకు ఎండిపోయి ఉంది. ఆవిడ బ్రష్ కూడా ఎండి గరుకెక్కింది.

మూడు వారాల కిందటే గాజుసామాను కడిగే యంత్రం వచ్చింది. ఏడాదిపాటు కాళ్ళరిగేలా తిరిగి శుభ్రం సారు సాధించుకొచ్చారు దాన్ని. నడుంనొప్పి తప్పిందని అందరికంటే ముందు సంబరపడింది గుండె అక్కే. తన చేతుల మీద అంత నమ్మకమున్న మనిషి, ఆ చేతులు మానేసిన పని సంగతే మరిచిపోయింది. అది తలుచుకుని ఆవిడకు సిగ్గేసింది.

గుండెకు ఎక్కించే ద్రావణం పోసే సన్నమెడ సీసా ఒకటి యంత్రంలోంచి తీసి, దాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోసి, మూతిని అరచేత్తో మూసి గట్టిగా కుదిపింది. సీసా మెడలో తెల్లటి నురగ కట్టింది. ఎంతసేపు చూసినా చెదరలేదు.

"సబ్బా?" అంది అమ్మాయి.

"సబ్బే. మెడ సన్నం కదా, లోపలికి యంత్రం నీళ్ళు సరిగా పోవడం లేదు. పైకి మాత్రం తళతళలాడుతోంది. గుండెకి ఈ కాస్త సబ్బు చాలు."

"సార్‌కి ఎవరు చెప్తారక్కా? ఆ మిషనంటే ఆయనకి ప్రాణం."

"మనమెందుకు చెప్పడం? గుండే చెబుతుంది."

శుక్రవారం శుభ్రం సారు వచ్చేసరికి స్టాండుకు రెండు సీసాలు వేలాడుతున్నాయి. రెండింట్లోనూ ఒకే గిన్నెలో కలిపిన ద్రావణం. ఒకటి ఆవిడ చేత్తో కడిగింది, ఇంకొకటి యంత్రం కడిగింది. చేత్తో కడిగిన సీసా మీద గుండె గంటసేపటిగా కొట్టుకుంటోంది. తెరమీద అలలు నిటారుగా లేస్తున్నాయి.

ఆవిడ గొట్టం మీది కుళాయిని యంత్రం కడిగిన సీసాకు తిప్పింది. పది నిమిషాల్లో అలలు సగానికి కుంగిపోయాయి.

"ఏం మార్చారమ్మా?"

"సీసా ఒక్కటే సార్."

ఆవిడ కుళాయి వెనక్కి తిప్పింది. అలలు మెల్లగా కూడదీసుకుని లేచాయి. "ఒక్కసారైతే యాదృచ్ఛికం అనుకోమంటారు మీరు" అంటూ మళ్ళీ తిప్పింది. మళ్ళీ కుంగాయి. మళ్ళీ లేచాయి.

శుభ్రం సారు తుడవకుండానే కుర్చీలో కూలబడ్డారు.

"పదకొండూ నా మిషన్ వల్లేనా?"

"దాన్ని తెచ్చింది మీరు, చంకలు గుద్దుకున్నది నేను. చెరిసగం సార్."

ఆయన చెయ్యి చాచారు. "ఆ కాగితం ఇలా ఇవ్వండి, చింపేస్తాను. తొందరపడ్డానమ్మా. తప్పు చేశాను."

"చింపొద్దు సార్. వెనకవైపు ఖాళీగా ఉంది. సీసాలు ఎలా కడగాలో దానిమీద రాయండి. నేను చెబితే కొత్తవాళ్ళు వినరు, మీ సంతకముంటే వింటారు."

"ముందు నాకు రావాలి కదా?" అని చొక్కా చేతులు పైకి మడిచి ఆయన సింకు ముందు నిలబడ్డారు. ఆవిడ పక్కన నిలబడి లెక్కపెట్టింది. ఆరోసారి అయ్యాక ఆయన సీసాను వెలుతురుకెత్తి చూసి, మురిసిపోయి కింద పెట్టబోయారు.

"ఇంకోసారి సార్."

మారుమాట లేకుండా ఆయన ఇంకోసారి కడిగారు.

సోమవారం కట్టిన గుండె మధ్యాహ్నం దాకా కొట్టుకుంటూనే ఉంది. అమ్మాయి తిండి మానేసి అంకెలు రాసుకుంది. సింకు పైన గోడకు ఆయన చేతిరాత కాగితం అంటించారు, కింద గుండ్రటి సంతకంతో సహా. అంచు ఎత్తి చూస్తే వెనకవైపు బదిలీ ఉత్తర్వూ ఉంటుంది, అదే సంతకంతో. అమ్మాయి అప్పుడప్పుడూ ఎత్తి చూసి నవ్వుకుంటుంది. గుండె అక్క మాత్రం చూడదు. ఆవిడ చేతులెప్పుడూ తడిగానే ఉంటాయి.