పంటిగాటు

స్కూటరు హారన్‌కు వేసిన జాయింటును మేస్త్రి మూడోసారి లాగి చూశాడు. ఊడలేదు. ఊడదని మొదటిసారి లాగినప్పుడే తెలుసు. అయినా మూడుసార్లు లాగందే అతని చెయ్యి దాన్ని వదలదు. ఇంట్లో గ్యాస్ పొయ్యి కట్టేశాక కూడా అంతే, మూడుసార్లు తిప్పి చూస్తాడు. "దాని మెడ విరిచేస్తారా ఏంటి?" అంటుంది భార్య. పదిహేడేళ్ల కిందట ఈ చాదస్తం లేదు. అప్పుడు అతనిదీ అందరి చెయ్యిలాంటి చెయ్యే, పని చేసి మరిచిపోయేది.

అతనిది రేకుల షెడ్డు. ఒక బల్ల, రెండు స్టూళ్లు, గోడనిండా మేకులు, మేకులకు రంగురంగుల వైర్ల చుట్టలు. అన్నిటికంటే పై మేకుకు టెస్టు ల్యాంపు వేలాడుతుంటుంది. కరెంటు ఉందో లేదో చూసే చిన్న బల్బు, దానికి రెండు తీగలు. షెడ్డు తెరిచిన రోజున, పాత ఉద్యోగంలో తనతో పనిచేసిన స్నేహితుడు తెచ్చి చేతిలో పెట్టాడు. పని అవగానే దాన్ని గుడ్డతో తుడిచి మరీ తగిలిస్తాడు మేస్త్రి. పెళ్లానికైనా అంత మర్యాద చెయ్యడు.

తొమ్మిది దాటాక ఒక పొడుగాటి నల్ల కారు వచ్చి ఆగింది. ఒకప్పుడు దాన్ని చూస్తే జనం తప్పుకుని దారిచ్చి ఉంటారు. ఇప్పుడు దాని ముందు బంపరును తాడుతో కట్టారు. లోంచి పళ్ల డాక్టరు దిగాడు.

"దీనికి బుద్ధి పుడితే తాళాలు పడతాయి, బుద్ధి పుడితే తెరుచుకుంటాయి మేస్త్రీ. నిన్న నన్ను లోపలేసి తాళం వేసుకుంది. బయట పేషెంటు చెంప పట్టుకుని నిలబడ్డాడు, లోపల నేను తల పట్టుకుని కూర్చున్నాను. పొద్దున్నే బ్యాటరీ చచ్చి ఉంటుంది. పెద్ద గ్యారేజీలో కంప్యూటరు పెట్టి చూసి, కరెంటు బాక్సు మొత్తం మార్చాలన్నారు."

"చూద్దాం లెండి. అంతదాకా రాదేమో."

డాక్టరు చూపు మేస్త్రి నోటి దగ్గర ఆగింది. "ముందుపళ్ల మధ్య ఆ సందేంటండీ బాబూ, స్కూటరు దూరేట్టుంది! మీరు దీన్ని బాగుచెయ్యండి, నేను దాన్ని మూసేస్తాను."

మేస్త్రి నవ్వబోయి ఆగిపోయాడు. కారు వెనక అద్దానికి, మీట నొక్కితే పైకి లేచే తెర ఉంది. దాని కింద సీటు అంచున అరచేయంత మేర వేరే రంగు తోలు అతికించి ఉంది. ఇది ఆ కారే, తన ఉద్యోగం తీసిన కారు.

పెద్ద కార్లు తీసుకోనని చెప్పబోయేసరికే డాక్టరు తాళాలు బల్లమీద పడేసి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

పదిహేడేళ్ల కిందట ఆ కార్ల కంపెనీ వర్క్‌షాపులో వైర్ల పని చేసేవాళ్లు ఇద్దరే, ఇతనూ స్నేహితుడూ. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు, చుట్టరికం ఏమీ లేకపోయినా. ఒకే రోజు ఆరు కార్లకు వెనక తెరలు బిగించాల్సొచ్చింది. ఒకరు వైరు లాగితే ఇంకొకరు జాయింటు వేశారు, ఎవరు ఏది వేశారో చూసుకునే తీరిక లేదు. రెండు రోజులకే ఒక కారులో సీటు వెనక జాయింటు అంటుకుని పొగ వచ్చింది. తలుపులు తెరుచుకోలేదు. లోపల ఓనరుగారి తల్లి, ఆయాసం మనిషి. అద్దం పగలగొట్టి ఆవిడను బయటికి లాగారు. బతికింది. మేనేజరు ఇద్దర్నీ నిలబెట్టి ఎవరు చేశారని అడిగాడు.

ఆ జాయింటు ఎవరు వేశారో మేస్త్రి ఇంకా గుర్తు తెచ్చుకుంటూనే ఉన్నాడు. స్నేహితుడు ఒకడుగు ముందుకేసి చేతులు జోడించాడు. "మా బావే సార్. తొందరలో పొరపాటు చేశాడు. పిల్లలున్నవాడు, ఈ ఒక్కసారికి క్షమించండి."

క్షమించలేదు, ఆ రోజే పనిలోంచి తీసేశారు. కానీ తన కోసం ఒకడు చేతులు జోడించాడు గదా అని మేస్త్రి ఆ మనిషిని నెత్తిన పెట్టుకున్నాడు. ఈ షెడ్డు వెతికిపెట్టిందీ, మొదటి బండి పంపిందీ ఆ స్నేహితుడే. సూపర్‌వైజరై రిటైరయ్యాక కూడా రోజూ నాలుగింటికి టీకి వస్తాడు. అతనిది ఎడంచేతి వాటం. అందుకని మేస్త్రి అతని కప్పు పిడిని ఎడమవైపుకు తిప్పి పెడతాడు. మేస్త్రి మామగారు మాత్రం చచ్చేదాకా తన ఇంట్లో ఫ్యూజు పోయినా ఇంకొకణ్ణే పిలిపించుకున్నాడు. "అల్లుడి చెయ్యి మంచిది కాదు" అని నలుగురిలో అన్నాడు కూడా. మేస్త్రి తలొంచుకుని విన్నాడు. ఏం చేస్తాడు, తనకే తన చెయ్యి మీద నమ్మకం పోయింది.

ఇప్పుడు మేస్త్రి ఆ కారు బ్యాటరీ తీగ ఒకటి విప్పి, మధ్యలో టెస్టు ల్యాంపు పెట్టాడు. తాళంచెవి తీసేసే ఉంది, అయినా బల్బు వెలిగింది. కారు నిద్రపోతున్నా ఎక్కడో ఏదో కరెంటు తాగుతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. పదకొండోది పీకగానే బల్బు ఆరిపోయింది. అది తలుపుల తాళాలది. కంప్యూటరు చెప్పిన బాక్సుకు ఏ రోగమూ లేదు.

డ్రైవరు సీటు పక్కన మ్యాటు ఎత్తాడు. కింద తడి. పైకప్పు అద్దం నుంచి నీళ్లు బయటికి పోయే గొట్టం పూడిపోయింది. ఆ తడిలో, తాళాల వైరుకు అతుకు వేసి వెనక్కి లాగిన ఒక ఎర్ర వైరు. ఆ తెర వైరే. వెనక కొస కాలిపోయాక అక్కడ కత్తిరించి వదిలేశారు. ముందు కొసను ఎవరూ తెరిచి చూడలేదు. ఒక వైరు రెండు కొసలూ ఒకే మనిషి కలపాలన్నది ఆ వర్క్‌షాపు రూలు.

గుండె చిక్కబట్టుకుని జాయింటు మీద మట్టి తుడిచాడు. తన చేతిపని చూడబోతున్నాననుకున్నాడు.

రాగి పోగులు ఎడమకు మెలితిరిగి ఉన్నాయి. టేపు కూడా ఎడమకే చుట్టి ఉంది. టేపు చివర రంపంలా, పళ్లతో కొరికి తెంపినట్టు ఉంది.

మేస్త్రి పళ్లతో టేపు తెంపలేడు. పుట్టుకతో వచ్చిన సందు, టేపు అందులోంచి జారిపోతుంది. పని నేర్చుకున్ననాటి నుంచీ జేబులో చిన్న కత్తెర ఉండాల్సిందే. వర్క్‌షాపంతా దాన్ని పట్టుకుని ఏడిపించేది, అందరికంటే ఎక్కువగా ఆ స్నేహితుడే.

చాలాసేపు కారులోనే, ఆ తడి మీదే కూర్చున్నాడు. నేను కాదు, నేను కాదు అనుకున్నాడు. సంతోషం రాలేదు. చేతులు జోడించిన ఆ మనిషే కళ్లముందు మెదిలి ఒళ్లు మండిపోయింది. దొంగతనం చేసినవాడు కూడా దొంగిలించిన ఇంటికి రోజూ టీకి రాడు.

జాయింటు కత్తిరించి తీశాడు. గొట్టం బాగుచేసి, తడి ఆరబెట్టి, తాళాల వైరును కొత్తగా కలిపాడు. మూడుసార్లు లాగి చూశాడు. మూడోసారి లాగుతుండగా, ఈ అవసరమే తనకు ఎన్నడూ లేదని తట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాలుగింటికి స్నేహితుడు వచ్చాడు. అప్పటికే మేస్త్రి రెండు కప్పుల్లో టీ పోసి ఉంచాడు. చెయ్యి దానంతటదే రెండో కప్పు పిడిని ఎడమకు తిప్పింది.

"ఇంత పెద్ద కారా! ఎవరిది బావా?"

మేస్త్రి జాయింటును బల్లమీద పెట్టాడు. స్నేహితుడు కళ్లజోడు పెట్టుకుని, ఎడంచేత్తో దాన్ని తీసుకుని తిప్పి చూశాడు. ఎక్కడిదని అడగలేదు.

"ఆ ఉద్యోగం పోతే నాకు ఇంకో దారి లేదు బావా" అన్నాడు చివరికి.

"నాకుందా?"

స్నేహితుడు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నా తరఫున బతిమాలావని ఇన్నేళ్లూ నీకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. మా మామ నన్ను చేతకానివాడనుకుంటూనే పోయాడు."

"చెప్దామనే వచ్చేవాణ్ణి. రోజూ."

"రోజూ వచ్చి టీ తాగి వెళ్లావు."

స్నేహితుడు జాయింటును బల్లమీద పెట్టాడు. గోడ మీద టెస్టు ల్యాంపు వైపు చూశాడు. లేచాడు. ఎండలో వీధి మలుపు దాకా మెల్లగా నడిచాడు. వెనక్కి తిరగలేదు, మేస్త్రి పిలవలేదు.

అయిదింటికి డాక్టరు వచ్చి తాళాలు నాలుగుసార్లు వేసి తీసి మురిసిపోయాడు. "మళ్లీ రాదుగా?"

"రాదండి. ఇప్పుడున్నది నా చేతి జాయింటు."

"రేపు క్లినిక్‌కు రండి, ఆ సందు మూసేస్తాను."

"వద్దండి. దాన్ని అలాగే ఉండనివ్వండి. నా తరఫున సాక్ష్యం చెప్పింది అదొక్కటే."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. నవ్వేసి వెళ్లిపోయాడు.

చీకటి పడకముందే మేస్త్రి పనిముట్లు సర్దాడు. తన కప్పు కడిగి బోర్లించాడు. షట్టరు సగం దించి ఒకసారి లోపలికి చూశాడు. బల్లమీద రెండో కప్పు పోసింది పోసినట్టే ఉంది, చల్లారి, మీగడ కట్టి, పిడి ఎడమవైపుకు తిరిగి.