సందులో సిమెంటు

ఓంప్రకాశ్‌కు దేవుడి మీద కూడా సగం నమ్మకమే. మిగతా సగం హుండీ తాళం ఎవరి దగ్గరుందో తెలిశాక. వరంగల్ పాత బజారులో మిరపకాయలు పట్టే కారం గిర్నీ నడిపే ఈ పెద్దమనిషి, బస్తాలో పైన కాయ ఎర్రగా కనిపిస్తే అడుగున తాలు ఉందనే అర్థం చేసుకుంటాడు. వ్యాపారంలో ఆ గుణం నాలుగుసార్లు కాపాడింది గనుక దానికి తెలివి అని పేరు పెట్టుకున్నాడు.

దసరా వెళ్ళిన వారానికి పక్కింటి స్నేహలత వచ్చింది. ఆమెది రక్తపరీక్షల ల్యాబ్. గిర్నీకీ ల్యాబ్‌కీ నడుమ ఒక్కటే గోడ.

"అన్నా, నీ గిర్నీ నడుస్తాంటే నా మైక్రోస్కోపు ఊగుతాంది. రక్తపు సుక్క కండ్లకు ఆనుతలేదు. జరమొచ్చిన పిల్లల రిపోర్టులు నేనెట్ల రాయాలె?"

"నువ్వు ల్యాబ్ పెట్టిన రెండేండ్ల సంది నడుస్తనే ఉంది గద. అప్పుడు ఊగనిది ఇప్పుడెందుకు ఊగుతాంది?"

"అదే నేనూ అడుగుతాన్న."

అడగడం ఒట్టి మాట, ఈమె కన్ను గిర్నీ జాగా మీద పడింది అనుకున్నాడు ఓంప్రకాశ్. టీ తాగమని కూడా అనకుండా పంపేశాడు. పది రోజులకు మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. వచ్చే సోమవారం అధికారులు వచ్చి అదురు కొలుస్తారట, తగ్గకపోతే గిర్నీకి సీలు వేస్తారట. ఆ గిర్నీ తప్ప అతనికి వేరే బతుకుదెరువు లేదు.

అయినా నమ్మకం కుదరలేదు. షుగర్ పరీక్ష అని వంక పెట్టి భార్య శారదను ల్యాబ్‌కు పంపాడు. ఆమె తిరిగొచ్చి, "నిజమే. టేబుల్ మీది గిలాసల నీళ్ళు వణుకుతున్నయ్" అంది.

"ఆమె నీకు చాయ్ పోసిందా?" అని అడిగాడు ఓంప్రకాశ్.

శారద నుదురు కొట్టుకుని లోపలికి పోయింది. గోడ అదురుతున్న మాట నిజమైతే దానికి ఎవరో ఒకరు కారణం కావాలి. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం ఈసారి సారయ్య మీదికి దూకింది.

హసన్‌పర్తి నుంచి రోజూ వచ్చే సారయ్య, పద్దెనిమిదేళ్ళుగా గిర్నీ మెకానిక్. స్క్రూడ్రైవర్ ఒక కొన మిషన్‌కు, ఇంకో కొన చెవికి ఆనించి లోపలి బేరింగు సంగతి చెప్పగలడు. మిషన్‌ను సిమెంటు దిమ్మె మీద బిగించారు. దిమ్మె కింద గుంటలో హైదరాబాదు నుంచి తెచ్చిన మందపాటి రబ్బరు దిండ్లున్నాయి, అదురు నేలలోకి దిగకుండా. దసరా ముందు జాకీ పెట్టి దిమ్మె లేపి ఆ దిండ్లను తుడిచింది సారయ్య ఒక్కడే. అదురు మొదలైంది దసరా తర్వాత. ఇంకేం కావాలి?

తొడిమలు తీసే ఆడవాళ్ళూ, హమాలీలూ అందరూ వింటుండగా అడిగేశాడు.

"మంచి రబ్బర్లు అమ్ముకొని పాత టైరు ముక్కలు పెట్టినవా సారయ్యా?"

సారయ్య మొహం నల్లబడింది. "సేటూ, నా మాట ఒక్కటినుండ్రి. ఆ దిమ్మె సుట్టూ..."

"కతలు చెప్పకు. రేపటి సంది రాకు."

సారయ్య పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. పొద్దుగూకే సరికి ఆ మాట బజారంతా పాకింది. పని అడగబోయిన రెండు గిర్నీల్లోనూ అతన్ని 'రబ్బర్ల దొంగ' అని గుమ్మం దగ్గరి నుంచే పంపేశారు.

సీలు తప్పించుకోవాలని ఓంప్రకాశ్ పిలిపిస్తే, శనివారం ఉదయ్ వచ్చాడు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఫ్యాక్టరీల్లో అదురు కొలిచే యువకుడు. ఓంప్రకాశ్ అతని ఐడీ కార్డు అడిగి, ఫొటోనూ మొహాన్నీ రెండుసార్లు పోల్చుకున్నాడు. ఉదయ్ అగ్గిపెట్టెంత పరికరాన్ని ముందు దిమ్మె మీద, తర్వాత నేల మీద పెట్టి చూశాడు.

"రెండు జాగలల్ల ఒక్క తీర్గనే ఉంది సార్. దిమ్మె ఊగితే ఊగనీ, నేలకు రావద్దు."

"రబ్బర్లు మార్సిండు గద, అందుకే!"

ఉదయ్ గొంతుక్కూర్చుని దిమ్మె అంచు వెంట వేలు రాశాడు. "ఈడ సుట్టూ ఖాళీ సందు ఉండాలె గద. సిమెంటుతోని ఎవరు పూడ్చిండ్రు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఓంప్రకాశ్‌కు. పూడ్పించింది తనే. ఆయుధపూజకు నేల సాపుగా ఉంటే ముగ్గు బాగుంటుందని, నిమ్మకాయలు సందులో పడిపోతున్నాయని పైకి చెప్పాడు. అసలు సంగతి వేరు. నాలుగు వేళ్ళ ఆ సందులో సారయ్య రోజూ కారం పొట్లం దాచి పట్టుకుపోతున్నాడేమోనని అతని అనుమానం. "అది ఖాళీగనే ఉండాలె సేటూ" అని సారయ్య అడ్డుపడితే ఆ అనుమానం మరీ గట్టిపడింది. మేస్త్రీని పిలిచి, సిమెంటు ఆరేదాకా దగ్గరే నిలబడ్డాడు.

ఉదయ్ ఒక మూల సిమెంటు పగలగొట్టి టార్చి వేశాడు. హైదరాబాదు కంపెనీ ముద్రతో సహా ఆ రబ్బరు దిండే.

"ఇవి మంచిగనే ఉన్నయ్ సార్. దిమ్మెను నేలకు మీరే అతికిచ్చిండ్రు. అదురు సిమెంటు పట్టుకొని సీదా గోడలకు పోతాంది."

తెల్లారి ఓంప్రకాశ్ హసన్‌పర్తిలో సారయ్య ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో సారయ్య భార్య మొగిలమ్మ ఎదురైంది.

"ఎందుకొచ్చినవ్ సేటూ? ఇల్లు సోదా చేస్తానికా?"

"తప్పయింది సెల్లే" అన్నాడు.

సారయ్య లోపలి నుంచి పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చాడు. "మిషిని ఏం పాపం జేసింది? నడువుండ్రి" అన్నాడు.

ఆదివారమైనా, సీలు పడేలోపు సరుకు తెమల్చాలని తొడిమల ఆడవాళ్ళను ఓంప్రకాశ్ పనికి పిలిచాడు. వాళ్ళ కళ్ళముందే సారయ్య ఉలితో దిమ్మె చుట్టూ ఉన్న సిమెంటు తవ్వాడు. దిండ్లకు దెబ్బ తగలకుండా నెమ్మదిగా, సాయంత్రం దాకా. సందులోని పెళ్ళలన్నీ ఏరి గిర్నీ ఆన్ చేశాడు. కాసేపటికి గోడ అవతలి నుంచి స్నేహలత కేక వేసింది. "నిలిచిందన్నా! సుక్క కదుల్తలేదు!"

గిర్నీ దక్కింది. ఓంప్రకాశ్ అందరికీ వినబడేలా అన్నాడు. "సారన్నా, నీ తప్పేం లేదు. తప్పంతా నాదే. రేపటి సంది పనికి రా."

సారయ్య చేతులు తుడుచుకుని సంచిని నేల మీద బోర్లించాడు. స్పానర్లు, ఉలి, నూనె డబ్బా, పాత గుడ్డలు చెల్లాచెదురుగా పడ్డాయి.

"సూసుకోండ్రి సేటూ."

"వద్దు సారన్నా, ఏందిది?"

"సూడుండ్రి. రేపు ఇంకేదన్న వణికితె మల్ల నా దిక్కే సూస్తరు. మీరు సూడంది నేను సంచి కట్టను."

ఆడవాళ్ళ చేతుల్లో తొడిమలు ఆగిపోయాయి. ఓంప్రకాశ్ సిగ్గుతో వంగాడు. ఊరికే చూసినట్టు చూసి లేచిపోదామనుకున్నాడు. కానీ పాత గుడ్డల కింద ఏముందోనని తన కళ్ళు నిజంగానే వెతుకుతున్నాయి. సారయ్య అది చూశాడు.