మేడ మీది గాలి

మా ఆయన బళ్లో డ్రిల్లు మాస్టారు. అందులో తప్పేం లేదు, ఎవరో ఒకరు ఆ పని చేయాలి కదా. కాకపోతే సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతారు గానీ మాస్టారిగిరీ విప్పరు. వంట ఆలస్యమైతే గడియారం వంక చూస్తారు. పెళ్ళైన కొత్తలో, నడిచేటప్పుడు నా భుజాలు వంగుతున్నాయని చెప్పారు. అప్పట్లో దాన్ని ప్రేమ అనుకున్నాను.

కోవిడ్ ఇంటిల్లిపాదినీ పలకరించి వెళ్ళింది. జ్వరం తగ్గాక ఆయనా, మా అత్తగారూ ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. నా దగ్గర మాత్రం, చుట్టం సంచీ మరిచిపోయినట్టు, అది తన నీరసాన్ని వదిలిపోయింది. పరీక్షలన్నీ బాగున్నాయంది డాక్టరమ్మ. నెలలు గడిచినా స్నానం చేసి వస్తే పడుకోవాల్సిందే. పాలు స్టవ్ మీద పెట్టిన సంగతి అవి పొంగాక గుర్తొచ్చేది.

ఇవన్నీ భరించాను. భరించలేనిది మేడ దూరమవడం. మాది మొదటి అంతస్తు. మేడ ఎక్కడో పైన, లిఫ్టు లేదు. ఇదివరకు ఆరిన బట్టలు తెచ్చే వంకతో రోజూ సాయంత్రం వెళ్ళి పిట్టగోడకి ఆనుకుని నిలబడేదాన్ని. దూరంగా రైలు వంతెన దాటేది. ఆ కాసేపూ నేను ఎవరి కోడల్నీ కాను, ఎవరి భార్యనీ కాను. గాలికి జుట్టు రేగిపోతున్న ఒక మనిషిని, అంతే. ఇప్పుడు మంచం మీద పడుకుని మెట్ల మీద ఇతరుల అడుగులు వినేదాన్ని. ఇదిగో, గడియ తీశారు. ఇదిగో, వాళ్ళకి గాలి తగిలింది.

"ఇది జబ్బు కాదు, అలవాటు తప్పడం," అని తేల్చేశారు మా ఆయన. "రోజూ కొన్ని మెట్లు పెంచుకుంటూ పోతే నువ్వే ఎక్కేస్తావు. నీకంటే బద్ధకస్తుల్ని పరిగెత్తించాను."

"వాళ్ళకి వేసవి సెలవులుంటాయండీ."

డాక్టరమ్మ మరోలా చెప్పింది. "అలిసిపోయాక ఆగడం కాదమ్మా, అలిసిపోకముందే ఆగాలి. బలవంతాన చేస్తే మర్నాడు పడేస్తుంది." పిల్లల తల్లిదండ్రుల ఫిర్యాదు విన్నట్టు మా ఆయన మర్యాదగా విన్నారు. నిజానికి నాకూ ఆయన మాటే తియ్యగా అనిపించింది. డాక్టరమ్మ మాటలో మేడ లేదు మరి.

మెట్లు పెంచాం. పెంచిన మర్నాడల్లా నేను లేవలేకపోయేదాన్ని. "కొత్తలో మామూలే," అనేవారు.

మా అత్తగారు చూసి చూసి అడిగారు. "ఒరేయ్, మీ బళ్లో కాలు బెణికిన పిల్లని పరిగెత్తిస్తావా?"

"బెణికితే వాస్తుంది కదమ్మా, కనపడుతుంది."

"ఓహో! అయితే నా మోకాళ్ళు కూడా నాటకాలే ఆడుతున్నాయన్నమాట."

ఒక ఆదివారం సాయంత్రం చివరి మలుపు దాకా ఎక్కాను. మేడ తలుపు కింది సందులోంచి గాలి వచ్చి పాదాలకి తగిలింది. ఓపికైపోయి అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

"ఇవాళ్టికి ఇక్కడ ఆగుతానండీ."

"గెలుపు గీత దాకా వచ్చి ఆగేవాళ్ళుంటారా? లే, లే!"

లేచాను. ఆయన కోసం కాదు, తలుపు కోసం. తీసి చూస్తే ఎవరివో దుప్పట్లు తాడు మీద ఎగురుతున్నాయి. వంతెన ఎటుందో వెతికేలోగా కళ్ళు బైర్లు కమ్మాయి. కిందికి ఆయనే మోసుకొచ్చారు.

ఆ తర్వాత దువ్వెన కూడా ఎత్తలేకపోయాను. వెలుతురు బరువు, మాట బరువు. ఆయనే జడ వేసేవారు, టగ్ ఆఫ్ వార్ తాడు పేనినంత గట్టిగా. బట్టలారేయడం కూడా ఆయన పనే అయింది.

"పైన ఎలా ఉంది?" అని అడిగేదాన్ని.

"ఆరాయి."

"బట్టలు కాదండీ, గాలి."

"ఉంది."

ఇలాంటి వార్తాహరుడితో ఎలా వేగను? ఒక సాయంత్రం బతిమాలాను. "రైలు వెళ్ళేదాకా ఉండి, చూసి రండి."

చాలాసేపటికి వచ్చారు, వట్టి చేతులతో.

"బట్టలేవీ?"

"మర్చిపోయాను." మంచం అంచున కూర్చున్నారు. "వంతెన మీదకి రాగానే రైలు చప్పుడు మారుతుంది. నువ్వెప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడూ అడగలేదే."

"గాలి పడమటి నుంచి వస్తోంది. తడి వాసన. పిట్టగోడ ఇంకా వెచ్చగానే ఉంది." ఆగి, నా చెయ్యి పట్టుకున్నారు. "అక్కడ నిలబడితే కిందికి రాబుద్ధి కాలేదు."

నేను తలుచుకునేదంతా ఎవరో ఎత్తి నా పక్కన పెట్టినట్టుంది. అయినా అది నాకు చాలలేదు. నాకు నేనుగా వెళ్ళాలని ఉంది.

"ఆ రోజు ఆగుతానన్నావు," అన్నారాయన. "నేనే ఆగనివ్వలేదు." మిగిలిన మాటలు చొక్కా గుండీలతో చెప్పుకున్నారు.

పక్కగదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఏంట్రా గొణుగుతున్నావు? బడి అంతా వినపడేలా అరుస్తావుగా!"

ఆయన నా చెయ్యి వదల్లేదు.

"తప్పు నాదేనమ్మా," అన్నారు, గట్టిగానే. "తనకి నిజంగానే బాగోలేదు. నేనే నమ్మలేదు."